డి డ్రైవ్ అనే ఉపాధి

ఒక హార్డ్ డిస్క్‌ను రెండు మూడు పార్టిషన్లుగా విడగొట్టి, విండోస్‌ను సి డ్రైవ్‌లోనూ సొంత ఫైళ్లను డి డ్రైవ్‌లోనూ ఉంచుకోవడం కంప్యూటర్ వాడేవారిలో పాత అలవాటు. కొత్త కంప్యూటర్ బిగించడానికి వచ్చిన మెకానిక్ అడక్కుండానే ఈ పని చేసిపెడతాడు. ముఖ్యమైనవన్నీ డిలో పెట్టుకుంటే సి పోయినా అవి భద్రంగా ఉంటాయని చెప్పి వెళ్తాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం ఎందుకు నిజం కాదో చెప్పాలంటే యంత్రం సంగతి ఒక్కటే చాలదు. ఒకటిగా ఉన్న వస్తువుకు రెండు పేర్లు పెడితే అది రెండు వస్తువులవుతుందా, అయితే ఏ మేరకు అవుతుంది అన్న ప్రశ్న అందులో దాగి ఉంది. కంప్యూటర్లు పుట్టడానికి వెయ్యేళ్లకు ముందే వేదాంతులు, నైయాయికులు, బౌద్ధులు ఈ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూశారు. వాళ్లకు అది జీవుడి సంగతి, ఇక్కడ ఫైళ్ల సంగతి. తర్కం నడిచే దారి మాత్రం చాలా దూరం ఒక్కటే.

హార్డ్ డిస్క్‌కు సి, డి అన్నవి తెలియవు. దానికి తెలిసింది సున్నాతో మొదలై వరుసగా సాగే సెక్టార్ల నంబర్లు మాత్రమే. ఒక్కో సెక్టార్‌లో 512 బైట్లు పడతాయి. కొత్త డిస్కుల్లో ఆ సంఖ్య 4096. ఈ వరుసలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఒక భాగమో మొదటి సెక్టార్‌లో ఉండే చిన్న పట్టిక చెబుతుంది. ఐబీఎం కంపెనీ 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీని తెచ్చినప్పుడు, దానితోపాటు వచ్చిన డాస్ 2.0 ఈ పద్ధతిని స్థిరపరిచింది. 512 బైట్లలో 446 బైట్లు కంప్యూటర్‌ను నిద్రలేపే చిన్న ప్రోగ్రాముకు పోతాయి, చివరి 2 బైట్లు గుర్తుకు పోతాయి. మధ్యలో మిగిలిన 64 బైట్లే పట్టిక. అందులో వరుసకు 16 బైట్ల చొప్పున నాలుగు వరుసలు. ఈ భాగం ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని సెక్టార్లు, ఏ రకం అన్నవి ఒక్కో వరుసలో ఉండే ముఖ్య సంగతులు. ఎ, బి అక్షరాలు అప్పటికే ఫ్లాపీలకు పోయాయి కాబట్టి హార్డ్ డిస్క్‌కు సి దక్కింది.

అంటే రెండు టెరాబైట్ల దాకా ఉన్న ఫైళ్లను ఇటువి, అటువి అని విడదీసే గోడ మందం 64 బైట్లు. తెలుగు లిపిలోని ఒక్కో సంకేతం కంప్యూటర్‌లో సాధారణంగా 3 బైట్లు తీసుకుంటుంది. ఆ లెక్కన ఆ గోడ మీద ఒక మోస్తరు తెలుగు వాక్యం కూడా పట్టదు. తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతిలో పట్టిక పెద్దదై మామూలుగా 128 వరుసలకు చేరింది. దాని నకలొకటి డిస్క్ చివర కూడా ఉంచారు. గోడను రూపొందించినవాళ్లే గోడ లెక్కను కాపాడటానికి గోడను నమ్మలేదు, నకలును నమ్మారు.

నిజానికి పార్టిషన్ పుట్టింది భద్రత కోసం కాదు. ఒకే డిస్క్ మీద వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకదాన్నొకటి తొక్కకుండా బతకడానికి అది పుట్టింది. విండోస్ 95 తొలి రోజుల్లో మరో ఇబ్బంది తోడైంది. అప్పటి ఫ్యాట్16 పద్ధతి ఒక్కో పార్టిషన్‌లో 2 గిగాబైట్లకు మించి చూడలేకపోయేది. అంతకన్నా పెద్ద డిస్క్ కొన్నవారికి దాన్ని ముక్కలు చేయక తప్పేది కాదు. ఆ పరిమితి తొలగిపోయింది గానీ ముక్కలు చేయడం ఆగలేదు. అవసరం ఆచారమైంది. ఇలా చేస్తే ఫైళ్లకు క్షేమం అన్న ఫలశ్రుతి దానికి ఆ తర్వాత చేరింది. మతాచారాల చరిత్ర చదివినవారికి ఈ క్రమం కొత్తదేమీ కాదు.

ఇలాంటి గోడకు అద్వైతంలో ఉపాధి అని పేరు. నేటి తెలుగులో ఉపాధి అంటే బతుకుతెరువు, ఉద్యోగం. శాస్త్రంలో దాని అర్థం వేరు. పక్కనున్న వస్తువుకు తన లక్షణాన్ని అంటగట్టి, లేని తేడాను ఉన్నట్టు చూపేది ఉపాధి. స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. అక్కడ మందారం ఉపాధి. కుండలోని ఖాళీని ఘటాకాశమనీ బయటి ఖాళీని మహాకాశమనీ అంటారు. అక్కడ కుండ ఉపాధి. మాండూక్య కారికల మూడో ప్రకరణంలో గౌడపాదుడు ఈ ఉపమానాన్ని విస్తరించి చెప్పాడు. శంకరుల భాష్యాల్లో అది పదేపదే వస్తుంది. ఆకాశం ముక్కలు కాలేదు, ముక్కలైనట్టు మాట నడుస్తోంది, అంతే. కుండ పగిలితే లోపలి ఆకాశం బయటి ఆకాశంలో కలిసిందంటారు గానీ అది ఎన్నడూ విడిపోయిందే లేదు. డి డ్రైవ్ కచ్చితంగా ఈ కోవలోదే. పట్టికను చెరిపేస్తే సెక్టార్ల వరుస మునుపెలా ఉందో అలాగే ఉంటుంది. పోయేది డి అనే వ్యవహారం ఒక్కటే.

గౌడపాదుడు అక్కడే ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాడు. అందరిలో ఉన్న ఆత్మ ఒక్కటే అయితే ఒకడి దుఃఖం అందరికీ అంటుకోవాలి కదా అన్నది ఆక్షేపణ. ఒక కుండలోని ఆకాశానికి దుమ్మూ పొగా పట్టినంత మాత్రాన అన్ని కుండల్లోనూ పట్టదన్నది ఆయన సమాధానం. మెకానిక్ మాటలో నిజమైన సగం ఇదే. విండోస్ చెడిపోయి సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాల్సి వస్తే డిని ముట్టుకోనక్కర్లేదు. ఒక పార్టిషన్‌లో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న లెక్కలు తారుమారైతే ఆ గందరగోళం రెండోదానికి పాకదు. సర్వర్లు నడిపేవారు లాగ్ ఫైళ్లకు విడిగా ఒక పార్టిషన్ కేటాయిస్తారు. ఏదో పొరపాటు వల్ల లాగ్‌లు ఉబ్బిపోయి ఆ భాగం నిండినా మిగతా యంత్రం ఊపిరాడక ఆగిపోదు. ఒక్క పార్టిషన్‌కే తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి, మిగతావి తెరిచి ఉంచుకోవచ్చు. ఒక కుండ దుమ్ము ఒక కుండలోనే ఉండిపోతుంది.

కాబట్టి పార్టిషన్‌ను ఒట్టి భ్రమ అని కొట్టిపారేయడం తొందరపాటు. ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి వాస్తవానికి పెట్టిన పరీక్ష ఒకటుంది. పని చేయగలిగిందే వాస్తవం. దీన్నే ఆయన అర్థక్రియాసామర్థ్యం అన్నాడు. ఎండమావి నీళ్లు దాహం తీర్చవు, కాబట్టి అవి లేవు. పార్టిషన్ పనిచేస్తోంది, కాబట్టి ఉందనాలి. అయితే ధర్మకీర్తి అంత తేలిగ్గా ఒప్పుకునేవాడు కాదు. పేర్లు, జాతులు, సమూహాలు మనసు కట్టినవనీ, పని చేసేవి వాటి వెనకున్న విడివిడి వస్తువులనీ ఆయన పక్షం. ఇక్కడ పని చేస్తున్నది ఎవరని అడిగితే జవాబు డి డ్రైవ్ కాదు. పట్టికను చదివి, అందులో రాసిన హద్దు దాటకుండా నడుచుకునే ఆపరేటింగ్ సిస్టమ్. హద్దు తనంతట తాను ఎవర్నీ ఆపదు. రెవెన్యూ రికార్డులోని సర్వే నంబర్లకు పొలంలో ఎంత బలముందో పార్టిషన్‌కు డిస్క్ మీద అంతే బలముంది. హద్దును గౌరవించేవాడు ఆ నంబరు చూసి ఆగుతాడు. గోదావరి వరద ఆగదు.

డిస్క్‌కు వరద చాలా రూపాల్లో వస్తుంది. లోపల గిర్రున తిరిగే పళ్లేల మీద రాతా చదువూ చేసే హెడ్‌లు ఉపరితలానికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటాయి. నడుస్తున్న డిస్క్ చేయిజారి పడితే హెడ్ పళ్లేన్ని గీసుకుపోవచ్చు. మోటారు బిగుసుకుపోవచ్చు. కరెంటు ఒక్కసారిగా పెరిగి సర్క్యూట్ బోర్డు కాలిపోవచ్చు. లాప్‌టాప్‌నే ఎవరైనా బస్సులో ఎత్తుకుపోవచ్చు. వీటిలో ఏదీ పట్టికను చదివి రాదు. సి, డి, ఇలకు మోటారు ఒక్కటే, బోర్డు ఒక్కటే, పెట్టె ఒక్కటే.

కుండ ఉపమానం తలకిందులయ్యేది ఇక్కడే. వేదాంతంలో పగిలేది కుండ, పగలనిది ఆకాశం. ఉపాధి పోయినా ఆధారానికి చేటు లేదు కాబట్టి ఏకత్వాన్ని తెలుసుకోవడం అక్కడ ధైర్యం. డిస్క్‌లో ఆధారమే పగిలేది. అది పోయాక అందులో గీసుకున్న హద్దులన్నీ ఒక్కసారే పోతాయి. భయం రెండోదాని వల్ల పుడుతుందన్నది బృహదారణ్యకంలోని ఆలోచన. ఫైళ్ల విషయంలో భయం రెండోది లేకపోవడం వల్ల పుడుతుంది. అద్వైతి విభాగం లేదు గనుక నిశ్చింతగా ఉండమంటాడు. అదే కారణం చెప్పి డిస్క్ యజమాని నిశ్చింతగా ఉండకూడదు.

ఎస్ఎస్‌డీలు వచ్చాక ఈ గోడ ఇంకా పలచబడింది. తిరిగే డిస్క్‌లో సి అంటే కనీసం కొన్ని వలయాల గుంపు, సాధారణంగా పళ్లెం బయటి అంచు నుంచి మొదలయ్యేది. ఇది సి, ఇది డి అని వేలు పెట్టి చూపించవచ్చు. ఎస్ఎస్‌డీలో ఆ అవకాశం లేదు. దానిలోని ఫ్లాష్ కణాలు పరిమితమైన సార్లే రాయించుకోగలవు. కొన్ని కణాలే త్వరగా అరిగిపోకుండా లోపలి కంట్రోలర్ రాతలను చిప్‌లన్నిటా పంచుతూ, చోట్లు మారుస్తూ పోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనిపించే నంబరుకూ అసలు కణానికీ మధ్య ఒక అనువాదకుడు కూర్చున్నాడన్నమాట. ఈరోజు సి డ్రైవ్ ఫైలును మోసిన కణమే కొన్నాళ్లకు డి డ్రైవ్ ఫొటోను మోయవచ్చు.

ఉపాధి వల్ల బ్రహ్మమే జీవులుగా విడిపోయిందన్న వేదాంతి భాస్కరుడి మతంపై రామానుజులు వేసిన ఆక్షేపణ ఒకటి ఇక్కడ గుర్తుకు రాక మానదు. కుండ కదిలితే అది చుట్టుకున్న ఆకాశ భాగం మారిపోతుంది. అలాగే ఉపాధి కదిలినకొద్దీ బ్రహ్మంలో ఒక భాగానికి బంధం, మరో భాగానికి మోక్షం క్షణక్షణానికీ కలుగుతూ ఉండాలి. ఇది ఒప్పుకోదగిన సిద్ధాంతమేనా అని ఆయన అడిగారు. ఎస్ఎస్‌డీలో జరిగేది సరిగ్గా ఇదే. అక్కడ అది ఆక్షేపణ కాదు, రోజువారీ పని. రామానుజుల సొంత సమాధానం కూడా ఫైళ్లకు బాగా అమరుతుంది. జీవులు నిజంగానే వేర్వేరు, కానీ బ్రహ్మాన్ని విడిచి వేరుగా నిలవలేవు. ఈ సంబంధానికి విశిష్టాద్వైతంలో అపృథక్సిద్ధి అని పేరు. ఒక ఫైలు మరో ఫైలు కాదన్నది నిజం. డిస్క్ లేకుండా ఏ ఫైలూ నిలవదన్నదీ నిజం. వేదాంత విచారంలో ఎవరిది పైచేయి అన్నది వేరే సంగతి గానీ, యంత్రం మాత్రం విశిష్టాద్వైతానికే దగ్గరగా నడుస్తోంది.

క్షేమం గురించి మాట్లాడాలంటే నాశం అంటే ఏమిటో ముందు తేలాలి. తిరిగే డిస్క్‌లో ఒక ఫైలును తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేసినప్పుడు చెరిగేది ఆ ఫైలు పేరుకూ చోటుకూ మధ్య ఉన్న లంకె. రాత అలాగే ఉంటుంది. ఆ చోటు ఖాళీ అని మాత్రం లెక్కల్లో పడుతుంది. తర్కశాస్త్రం చదవడానికి కూర్చున్న ప్రతి విద్యార్థీ మొదట పట్టే తర్కసంగ్రహాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడు. అభావాలు నాలుగని అందులో లెక్క. వాటిలో ప్రధ్వంసాభావానికి మొదలుంది, తుది లేదు. కుండ పగిలిన క్షణాన మొదలైన లేమి మరిక తీరదు. తొలగించిన ఫైలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగొచ్చిందంటే, న్యాయం లెక్కన పోయింది ఫైలు కాదు, సంయోగం. సాంఖ్యుడిని అడిగితే అసలు ఏదీ పోదు, కార్యం తన కారణంలో లీనమై అవ్యక్తంగా ఉంటుందంటాడు. తొలగించిన మొదటి గంటలో సాంఖ్యుడి మాటే ధైర్యమిస్తుంది. ఆ చోట కొత్త ఫైలు పడ్డాక నైయాయికుడే గెలుస్తాడు. ఎస్ఎస్‌డీలో ఖాళీ అయిన చోట్లను కంట్రోలర్ త్వరలోనే నిజంగా తుడిచేస్తుంది కాబట్టి సాంఖ్యుడికి దొరికే వ్యవధి ఇంకా తక్కువ.

పార్టిషన్ పట్టికే చెడిపోయినప్పుడు జరిగేది మరో రకం. కంప్యూటర్ డిస్క్ ఖాళీగా ఉందంటుంది, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉంటాయి. వేదాంత పాఠాల్లో చెప్పే దశముడి కథ ఇది. పదిమంది ఏరు దాటి, ప్రతివాడూ తనను వదిలేసి మిగతావారిని లెక్కపెట్టి, పదోవాడు మునిగిపోయాడని ఏడుస్తారు. దారిన పోయేవాడు వచ్చి పదోవాడివి నువ్వే అని చూపిస్తాడు. పదోవాడు కొత్తగా రాలేదు, లెక్క సరిపడింది. టెస్ట్‌డిస్క్ వంటి ఉపకరణాలు చేసే పని ఆ బాటసారిదే. అవి ఫైళ్లను పుట్టించవు, హద్దులు ఎక్కడుండేవో వెతికి పట్టిక తిరిగి రాస్తాయి. ఈలోగా ఫార్మాట్‌కు సరేనన్నవారి సంగతి వేరు.

ఇక నకలు. ఒక ఫొటోను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేశాక అక్కడున్నది అదే ఫొటోనా, అలాంటి ఇంకో ఫొటోనా? శబ్దం విషయంలో మీమాంసకులకూ నైయాయికులకూ మధ్య నడిచిన వాదం ఇదే. ‘గ’ అని నిన్న ఒకరు పలికారు, ఈరోజు ఇంకొకరు పలికారు, విన్నవాడు ఇది ఆ గకారమే అంటాడు. మీమాంసకుడి లెక్కలో అది అక్షరాలా నిజం. వర్ణం నిత్యం, ఉచ్చారణ దాన్ని బయటపెడుతుందంతే. నైయాయికుడి లెక్కలో ప్రతి గకారమూ కొత్తగా పుట్టి చచ్చేదే, జాతి ఒకటి కావడంతో అదే అనిపిస్తుంది. కంప్యూటర్ ఫైలు మీమాంసకుడికి దొరికిన మంచి ఉదాహరణ. బిట్లన్నీ సరిపోలితే అసలుకూ నకలుకూ తేడా చెప్పగలిగే పరీక్ష ఫైలు లోపల లేదు. అయితే ఫైలు నిత్యమైన ఒక అమరిక అన్న ఊరట, దాన్ని బయటపెట్టే ఒక్క డిస్క్ కూడా మిగలనప్పుడు ఎవరికీ పనికిరాదు. మీమాంసకులకు ఈ సంగతి తెలుసు. వేదం నిత్యమని వాదించినవాళ్లే దాన్ని కంఠస్థం చేయించడానికి పన్నెండేళ్లు కూర్చోబెట్టారు.

విభజించి కాపాడటానికి భారతీయ సంప్రదాయంలో అతి పెద్ద ఉదాహరణ వ్యాసుడే. ఆ పేరుకు అర్థమే విభజించినవాడని. మనుషుల ధారణశక్తి తగ్గుతుందని ఎరిగి, ఒకటిగా ఉన్న వేదాన్ని నాలుగు చేసి పైలుడికి ఋగ్వేదం, వైశంపాయనుడికి యజుస్సు, జైమినికి సామం, సుమంతుడికి అథర్వం అప్పగించాడని పురాణాలు చెబుతాయి. ఈ కథలో కాపాడింది విభజన అని పైకి అనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే అసలు కిటుకు అప్పగింతలో ఉంది. నాలుగు భాగాలు నాలుగు తలల్లోకి వెళ్లాయి. ఒక్క శిష్యుడికే నాలుగూ చెప్పి, బుర్రలో నాలుగు అరలు చేసుకొమ్మని ఉంటే అది డి డ్రైవ్ అయ్యేది.

విభజన ఒక్కటే ఏం చేస్తుందో కూడా ఆ చరిత్రలోనే ఉంది. యజుర్వేదానికి 101, సామానికి 1000, ఋగ్వేదానికి 21, అథర్వానికి 9 శాఖలని పతంజలి మహాభాష్యంలో లెక్క చెప్పాడు. ఈనాటికి నిలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. శాఖలు పెరిగినకొద్దీ ఒక్కో శాఖను మోసేవారు పలచబడ్డారు. మోసేవారు తగ్గిన శాఖ నిశ్శబ్దంగా రాలిపోయింది. తెలుగునాట యజుర్వేదుల్లో ఎక్కువమందిది తైత్తిరీయ శాఖ. అది బతకడానికి కారణం విడిగా ఉండటం కాదు, వేల కంఠాల్లో ఉండటం. అథర్వవేదపు పైప్పలాద శాఖ కథ ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దిలో కశ్మీరులో దొరికిన ఒకే ఒక భూర్జపత్ర ప్రతే చాలాకాలం దానికి ఆధారం. అదీ తప్పులతడక. 1950ల చివర ఒడిశా పల్లెల్లో తాళపత్ర ప్రతులు బయటపడ్డాకే ఆ పాఠం సరిగా తెలిసింది. దేశానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉండటం ఆ శాఖను బతికించింది.

నకళ్లకూ ఒక జబ్బుంది. తప్పు పడిన నకలు తప్పునే పెంచుతుంది. దానికి వైదికులు కనిపెట్టిన మందు పద, క్రమ, జటా, ఘన పాఠాలు. ఘనపాఠంలో పదాలను ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు జంటలుగా మూడేసిగా అల్లి చెబుతారు. ఒక పదం జారినా, ఒక స్వరం మారినా అల్లిక ఎక్కడో తెగి తెలిసిపోతుంది. ఈనాటి ఫైల్ సిస్టమ్‌లు కొన్ని ప్రతి ముక్కకూ ఒక తనిఖీ సంఖ్య కట్టి ఉంచుకుని, చదివినప్పుడల్లా సరిపోల్చుకుంటాయి. ఉద్దేశం అదే. ఘనాపాఠీ అన్న బిరుదు జ్ఞాపకశక్తికి ఇచ్చేదని లోకం అనుకుంటుంది గానీ, అది తప్పు పట్టగలిగిన శక్తికి కూడా ఇచ్చేది.

గట్టి ఆధారాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో అన్నమాచార్యుల కీర్తనల్లో చూడవచ్చు. ఆయన 32,000 సంకీర్తనలు రచించారని మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. వంశంవారు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో సంకీర్తన భండారమనే రాతి అరలో దాచారు. తాటాకుకు పురుగు పడుతుంది, రాగికి పట్టదు. ఇంత భద్రంగా దాచినా ఆ రేకులు శతాబ్దాల తరబడి లోకం కంట పడలేదు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో వెలికివచ్చి అచ్చయ్యాక తేలిన లెక్క మొత్తంలో సగానికి లోపే. రేకుల మీద రాగం పేరుంది, సాహిత్యముంది, స్వరం లేదు. బాణీ పాడేవారి గొంతులో ఉండే వస్తువు. గొంతు నుంచి గొంతుకు నకలు ఆగిపోయిన చోట అది పోయింది. నేడు వినిపించే అన్నమయ్య బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దిలో సంగీతజ్ఞులు కట్టినవే.

వేర్వేరు ఆధారాల మీద నకళ్లున్నా, అవి నిజంగా వేర్వేరా అన్న ప్రశ్న చివరిదాకా వదలదు. డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ ఒక కంప్యూటర్‌లో చొరబడితే సి, డి, ఇ అని అక్షరాల వరుసలో అన్ని డ్రైవుల్లోకీ వెళుతుంది. తగిలించి ఉన్న బయటి డిస్క్‌నూ వదలదు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ నౌకా రవాణా సంస్థ మెర్స్క్‌ను పడగొట్టింది. ఎవరు ఉద్యోగి, ఎవరికి ఏ అనుమతి అన్న లెక్కలు ఉండే సర్వర్లు ఆ సంస్థకు ప్రపంచమంతటా సుమారు 150 ఉండేవి. ఒకటి పోతే మిగతావి ఆదుకోవాలన్నది ఏర్పాటు. అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండటంతో అన్నీ ఒకేసారి పోయాయి. ఘానాలో ఒక్కటి మిగిలింది. వైరస్ వచ్చిన సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ నెట్‌వర్క్ నుంచి తెగిపోయి ఉంది. ఆ ఒక్క ప్రతిని మనుషులు చేతులు మారుస్తూ విమానాల్లో ఇంగ్లండ్‌కు చేర్చాక సంస్థ లేచి నిలబడింది. 150 నకళ్లు ఒకే ఆధారమైపోయి, కరెంటు కోత వల్ల విడిపోయినది ఒక్కటే నిజమైన రెండోదైంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే చోట అని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ వ్యాప్తిలోకి తెచ్చిన సూత్రానికి, ఒకటి తీగ తగలకుండా ఉండాలని ఇప్పుడు చాలామంది కలుపుకుంటున్నది ఇందుకే.

ఇంత కాపలా అవసరమా అన్న ప్రశ్న ధార్మిక దృష్టి నుంచి వస్తుంది, దాన్ని దాటవేయడం కుదరదు. యోగసూత్రాలకున్న వ్యాసభాష్యం అపరిగ్రహానికి కారణం చెబుతూ, వస్తువులతో వచ్చే దోషాల్లో సంపాదించడాన్నీ పోగొట్టుకోవడాన్నీ మాత్రమే కాక కాపాడుకోవడాన్ని కూడా లెక్కపెట్టింది. కాపలా కూడా ఒక బాధే. గీతలో యోగక్షేమం అన్న మాటకు లేనిది రావడం, ఉన్నది నిలవడం అని శంకరులు అర్థం చెప్పారు. ఆ రెంటి భారమూ అక్కడ భగవంతుడు తీసుకున్నాడు. ఫైళ్ల విషయంలో అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. అందువల్ల గృహస్థుకు మిగిలింది దేన్ని కాపాడాలో తేల్చుకోవడం. విండోస్ పోతే మళ్లీ వేసుకోవచ్చు. సినిమా పోతే మళ్లీ దొరుకుతుంది. తాతయ్య గొంతు రికార్డు, పొలం కాగితాల స్కాన్, పిల్లల చిన్ననాటి ఫొటోలు పోతే దొరకవు. మళ్లీ దొరికేదాన్ని సిలోకి, దొరకనిదాన్ని డిలోకి వేరు చేయమన్నది పాత అలవాటు. పార్టిషన్ చేసిన అసలు మేలు ఈ వివేకమే. గోడ కన్నా గోడ ఎక్కడ పెట్టాలన్న ఆలోచన ఎక్కువ ఫైళ్లను కాపాడింది. ఏది విలువైనదో ఒకచోట చేరాక దాన్ని ఇంకోచోటికి కాపీ చేయడం పావుగంట పని.

డి డ్రైవ్ ఉన్నవారు దాన్ని తీసేయనక్కర్లేదు. అందులో ఉన్నదాని ప్రతి ఒకటి మరో డిస్క్‌లో, వీలైతే మరో ఇంట్లో, తీగ తగిలించకుండా ఉందో లేదో ఈ వారంలో ఒకసారి చూసుకోవాలి. ఉంటే దాన్ని తెరిచి, ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూడాలి.